వేగుచుక్కయు, దానిని చూచిన కన్నులును

వేగుచుక్క పొడిచినదనిన మన యిండ్లలో నిదుర చాలింపవలసిన వేళ యని యర్థము. గడియారము లేని దినములలో మన ముత్తవ్వలు ఆ చుక్కను చూచియే లేచి కల్లాపి చల్లిరి, చల్ల చిలికిరి, ఊడ్పులకు బోయిరి. కొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పునను, కొన్ని నెలలు సందెవేళ పడమటను కానవచ్చు ఆ చుక్కలు రెండు కావనియు, ఒక్క శుక్రుడే యనియు పంచాంగము విప్పినవారెల్లరు నెరుగుదురు. సూర్యచంద్రుల పిమ్మట మన యాకాశమున అంత వెలుగు గలది వేరొకటి లేదు. చంకనున్న బిడ్డకు తల్లి దానిని చూపి, ముక్కుపుడక రవ్వవలె నున్నదని మురియును.

అట్టి శుక్రుని నేలపై సీసము కరగి పారునంత వేడి యున్నదనియు, మన సముద్రమున 900 మీటర్ల లోతున నీరు అదుమునట్లు అచ్చటి గాలి అదుముచుండుననియు నేటి పిల్లల పుస్తకములలోనే యున్నది. ఆ మాటను పిల్లలు వల్లించుచున్నారు; మనము వినుచున్నాము. కాని అది యెట్లు తెలిసినది? ఎవరు పోయి చూచిరి? ఎవరు ముట్టి వచ్చిరి? సోదరీమణులారా, ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ సంగతియే.

వంటయింట మనము వినికిడిని నమ్మము. పప్పు ఉడికినదని కోడలు చెప్పినను అత్తగారు ఒక బద్దను వ్రేళ్ళ నడుమ నలిపి చూచిన గాని పోపు పెట్టనీయదు. బిడ్డ యొళ్ళు వెచ్చగా నున్నదని తోచిన చేతితో తాకుదుము. అనుమానము తీరకున్న థర్మామీటరు పెట్టుదుము. చేయి చెప్పినది వేరు, థర్మామీటరు చెప్పినది వేరు అయినపుడు వైద్యుడు దేనిని అడుగునో మనకు తెలియును. గ్రహముల సంగతియు నట్టిదే. గ్రహమును గూర్చి మనుష్యులు ఊహించినది యొకటి. గ్రహమే స్వయముగా చెప్పినది మరియొకటి. ఆ రెండవదానిని మనకు వినిపించునవి యంత్రసాధనములు.

ఈ కథ మన ప్రాంతమునకు దూరమైనది కాదు. విశాఖపట్టణమున డాబాగార్డెన్సు అను పేట నేడు అంగళ్ళతోను బండ్లతోను క్రిక్కిరిసి యున్నది. ఆ పట్టణముననే గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున తమ సొంత ధనముతో ఒక వేధశాలను నెలకొల్పిరి. చెన్నపట్టణపు వేధశాలలో టేలరు దొరగారి కడ జ్యోతిశ్శాస్త్రము నభ్యసించినవారాయన. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపిరి. మన శ్రీకాకుళము దాపునగల షేర్‌మహమ్మదుపురము జమీందారీ ఈ అంకితము వారిదే.

1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ ఉదయమున శుక్రుడు సూర్యబింబము మీదుగా నల్లని చుక్కయై దాటిపోయెను. ఇట్టిది చాల అరుదు. ఆ దాటుటను భూమిపై వేర్వేరు తావులనుండి చూచి, కాలమును జాగ్రత్తగా గుర్తించిన, సూర్యుడు మనకెంత దూరమున నున్నాడో లెక్క కట్టవచ్చును. ఎట్లనిన, మీరొకమారు బొటనవ్రేలిని ముఖమున కెదురుగా నిలిపి, ఒక కన్ను మూసి చూడుడు; పిమ్మట ఆ కన్ను తెరచి రెండవదానిని మూయుడు. వ్రేలు కదలకున్నను వెనుకనున్న గోడపై దాని చోటు మారినట్లు తోచును. ఆ మార్పు ఎంతయో తెలిసిన వ్రేలి దూరము తెలియును. భూమిపై రెండు దూరపు ఊళ్ళు ఇచట రెండు కన్నులు; శుక్రుడే వ్రేలు; సూర్యుడే గోడ. నరసింగరావుగారు విశాఖనుండి ఆ ఉదయమున చూచిన సంగతులు లండనులోని రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ వారి పత్రికయందు అచ్చుపడినవి. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడని నేడు మనము చెప్పుకొను లెక్కకు ఇట్టి పరిశీలనములే పూర్వరంగము. నరసింగరావుగారు 1892లో గతించిరి. పిమ్మట ఆ వేధశాల భారమును వహించినవారు ఆయన భార్య అచ్చయ్యమ్మగారు. ఈ మాటను చదువరులు మరువకుందురుగాక.

శుక్రుడట్లు సూర్యుని దాటుట మరల 2117వ సంవత్సరమున గాని రాదు. 2012వ సంవత్సరము జూన్ 6వ తేదీని జరిగినదానిని మేమును నల్లద్దముల కళ్ళజోడు పెట్టుకొని, మా యింటివారు పనిచేయు పాఠశాల మైదానమున పిల్లలతో నిలిచి చూచితిమి. సూర్యబింబముపై నువ్వుగింజంత మచ్చ. అంతే. చూచుటకు అందముగానే యున్నది. కాని ఆ గింజలో నేమున్నదో ఆ మచ్చ చెప్పదు. ఎంత గొప్ప దూరదర్శినితో చూచినను శుక్రుడు తెల్లని గుడ్డలో మూటగట్టిన బంతివలె కనబడును. దట్టమైన మబ్బులు దానిని చుట్టియున్నవి. నేల కంటికందదు.

కంటికందని చోట ఊహకు రెక్కలు వచ్చును. మబ్బులున్నవి గావున వానలుండుననిరి. వానలున్న చిత్తడినేల యుండుననిరి. చిత్తడినేల యున్న మహారణ్యములుండుననిరి. ఇరువదవ శతాబ్దపు మొదటి సగమున చదువుకొన్నవారు సయితము ఇట్లు వ్రాసిరి. తర్కమున పొగను చూచి నిప్పును ఊహించుట సక్రమమే. కాని మంచును చూచి పొగ యనుకొన్నవాడు అడవిలో నిప్పులేని చోట చలి కాచుకొనబోవును. శుక్రుని విషయమున జరిగినదదియే. ఆ మబ్బులు నీటివి కావు, గంధకామ్లపు తుంపరలు.

ఇక రెండవ సాధనము. ఇదియు మన తెలుగునేలతో ముడిపడినదే. 1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణమయినది. దానిని చూచుటకై జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. ఆయన వెంట తెచ్చినది వెలుగును విడదీయు వర్ణపటదర్శిని. ఇంద్రధనుస్సులో ఏడు రంగులు విడివడినట్లు ఆ సాధనమున వెలుగు విడిపోవును. ఆ రంగుల నడుమ సన్నని గీతలు తేలును. బొబ్బిలి వీణపై ఏ మెట్టు నొక్కిన ఏ స్వరము పలుకునో తెలిసినవాడు, గది వెలుపల నుండియే విని, వైణికుడు ఏ మెట్టు నొక్కెనో చెప్పగలడు. ప్రతి మూలద్రవ్యమునకును వెలుగులో తనదైన స్వరము కలదు. ఇనుమునకొకటి, ఉప్పులోని సోడియమునకొకటి. గీతలను చదివిన ద్రవ్యము తెలియును. ఆ గ్రహణమున సూర్యుని అంచునందలి జ్వాలలలో కానవచ్చిన పసుపుగీత సోడియమునకు చెందినది కాదని పిమ్మట తేలినది. భూమిపై అప్పటికెవ్వరు నెరుగని హీలియము అను వాయువు గుర్తు అది. భూమిపై ఆ వాయువు 1895లో గాని చేజిక్కలేదు. సూర్యునిలో ముందు కనుగొని, ఇంటిలో పిమ్మట వెదకి పట్టిరి!

దూరదర్శిని దూరమును చెప్పినది. వర్ణపటదర్శిని ద్రవ్యమును చెప్పినది. అయినను భూమిపై నిలిచి చూచువారికి ఒక చిక్కున్నది. మన గాలి మనకు ప్రాణమే కాని చూపునకు తెర. కోనేటి యడుగున మునిగినవాడు గట్టుపైనున్న దీపమును చూచినట్లు మనము చుక్కలను చూచుచున్నాము. కొన్ని తరగతుల కాంతి మన గాలిని దాటి రానే రాదు. కావుననే సాధనములను గాలికి వెలుపలికి, గ్రహముల కడకు పంపవలసివచ్చినది.

1962వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీని అమెరికా వారి మారినర్-2 అను వ్యోమనౌక శుక్రునికి సుమారు 35 వేల కిలోమీటర్ల దాపునుండి పోయెను. ఒక గ్రహము దాపునకు బోయి సంగతులు పంపిన మొదటి నౌక యదియే. అందు కెమెరా లేదు. కంటికి కానరాని వేడికిరణములను కొలుచు సాధనములుండెను. శుక్రుని వేడి నేలనుండి వచ్చుచున్నదా, లేక పైగాలినుండి వచ్చుచున్నదా యని తేల్చుట దాని పని. కుంపటి నడుమ చూచిన నిప్పు నిండుగా తోచి, ఓరగా చూచిన బూడిదపొర అడ్డు వచ్చునట్లు, బింబము నడుమ ఎక్కువ వేడియు అంచున తక్కువయు కొలతకు వచ్చెను. నేలయే కాలుచున్నదనుటకు అది సాక్ష్యము. మహారణ్యముల యూహ ఆనాటితో మాడిపోయినది.

అటుపై రష్యా వారు వెనీరా అను పేర వరుసగా నౌకలను ఆ గ్రహముమీదికే దింపిరి. 1967లో నాలుగవది గాలిలో దిగుచు, అది ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువని తెలిపి, నేల చేరకమునుపే మూగవోయెను. 1970 డిసెంబరు 15వ తేదీని ఏడవది నేలను తాకెను. అదియు మూగవోయెననియే మొదట తలచిరి. పిమ్మట పట్టియుంచిన సంకేతములను ఓపికగా మరల వినగా, అతి సన్నని మాట సుమారు 20 నిమిషముల సేపు వచ్చియున్నట్లు తేలెను. ఏదో బిగుసుకొని, ఆ మాటలో ఒక్క థర్మామీటరు అంకెయే మరలమరల వచ్చుచుండెను. 475 డిగ్రీలు! మన పొయ్యిమీద నూనె పొగలు గ్రక్కువేళ సయితము అందులో సగమే యుండును. మరియొక గ్రహపు నేలనుండి మనకు వచ్చిన మొదటి మాట ఆ యంకె. దాని నాధారముగా చేసికొని లెక్కింపగా, అచ్చటి గాలి ఒత్తిడి మన గాలికి సుమారు 90 రెట్లుగా తేలినది.

ఇచట ఒక నవ్వుకొనదగిన సంగతి కలదు. 1982లో దిగిన వెనీరా-14 నేల గట్టిదనమును పరీక్షించుటకు ఒక చేయి చాచెను. ఆ చేయి సరిగా కెమెరానుండి ఊడిపడిన మూతమీద పడెను! మట్టిని కొలువబోయి తన మూతనే కొలిచికొనెను. అన్నము ఉడికినదా యని చూడబోయి గరిటెను నొక్కినట్లయినది. స్థాలీపులాకన్యాయమని మన పెద్దలు చెప్పుదురు: ఒక్క మెతుకు పట్టి చూచిన కుండ యంతయు తెలియునని. అన్నమునకు ఆ న్యాయము చెల్లును. ఏలయన కుండ యంతటను నీరొకటే, మంటయొకటే. గ్రహము అన్నపుకుండ కాదు. మన జిల్లానే చూడుడు: పలాస జీడితోటలలో దిగినవాడు భూమియంతయు జీడితోటయే యనునా? భావనపాడు ఇసుకలో దిగినవాడు భూమియంతయు ఇసుకయే యనునా?

కావున మెతుకు పట్టి చూచుటయే గాక కుండ చుట్టును తిరిగి చూచు సాధనము కావలసివచ్చినది. 1990 మొదలు 1994 వరకు మాజెలాన్ అను నౌక శుక్రుని చుట్టును తిరుగుచు రాడారుతో దాని నేలలో 98 పాళ్ళు చిత్రించెను. రాడారు కిరణము మబ్బును లెక్కింపదు. చీకటిలో గోడ కున్నదో లేదో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విన్నట్లు, అది కిరణమును పంపి, తిరిగివచ్చిన కాలమును కొలిచి కొండయో లోయయో చెప్పును. మబ్బు మూట విప్పకుండగనే లోనున్న పర్వతములు, లావా పారిన మైదానములు మన కన్నుల యెదుట నిలిచెను.

రాడారు మబ్బులను దాటి చూచుననిన మనవారికి వింత కాదు. విశాఖలో కైలాసగిరిమీద ఒకటి కలదు. అది వానమబ్బులను కొలుచు తరగతిది. శుక్రుని చూచినది మబ్బులను దాటిపోవు తరగతిది. రెండును ఒకే కుదురు మొలకలు. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటిననాడు ఉద్దానమున కొబ్బరిచెట్లు వేలకొలది తలలు విరిగి నేలవ్రాలినవి. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క కుటుంబమునకు పెద్దకొడుకు వంటిది. ఆ తోటలు తిరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అయినను గాలి వచ్చుచున్నదని ముందుగా తెలిసినందున జనులు లోతట్టు బళ్ళకు, ఆశ్రయములకు చేరగలిగిరి. మా పాఠశాలలోను ఆ రాత్రి కుటుంబములు తలదాచుకొన్నవి. మేము గంజి కాచి పోసితిమి. ఆకాశమునుండి మబ్బుల వేడిని కొలుచు ఉపగ్రహపు సాధనమును, మారినర్-2 మోసిన సాధనమును దూరపు చుట్టములే. వేడికిరణములను దూరమునుండి కొలుచుట రెండింటికిని పని. గ్రహములను చూచు కన్నులు మనకేల యని అడుగువారికి మేము చెప్పు మొదటి యుత్తరమిది.

రెండవ యుత్తరమును శుక్రుడే చెప్పుచున్నాడు. బొగ్గుపులుసు వాయువు సూర్యుని వెలుగును లోనికి రానిచ్చి, నేల విడిచిన వేడిని వెలుపలికి పోనీయదు. మూతపెట్టిన గిన్నెవలె ఉక్కబోయును. శుక్రుడు పరిమాణమున భూమికి తోబుట్టువు వంటివాడు. ఒకే యింటి బిడ్డలలో ఒకతె యిల్లు పచ్చగా నుండి, మరియొకతె యిల్లు కాలిపోయిన, ఏల కాలెనో తెలిసికొనుట మొదటిదానికి మేలు కాదా?

ఇక మన దేశపు సంగతి. మన తెలుగునేల దక్షిణపు కొసన శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5వ తేదీని మంగళయాన్ బయలుదేరి, 2014 సెప్టెంబరు 24వ తేదీని అంగారకుని కక్ష్య చేరినది. దానిపైనున్న 5 సాధనముల బరువు అంతయు కలిపి సుమారు 15 కిలోలు. మన యింట నెలకు తెచ్చుకొను బియ్యపు సంచికంటె తక్కువ. ఆ కాస్త సామగ్రితో అది అంగారకుని నిండుబింబపు వర్ణచిత్రములను పంపినది. పైగాలిలో నే వాయువు లున్నవో కొలిచినది. ఆరు నెలలకని పంపినది 2022 వరకు మాటాడినది.

2023 ఆగష్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువపు దిక్కున దిగినది. ఆనాడు మా పాఠశాలలో దూరదర్శనమునెదుట పిల్లలు కదలక కూర్చుండిరి. దిగినదని చప్పట్లు కొట్టుట అందరును చూచినదే. మాకు అంతకంటె ప్రియమైనది తరువాతి దినములలో వచ్చిన ఒక చిన్న పటము. దిగిన నౌక ఒక సన్నని కడ్డీని చంద్రుని మట్టిలోనికి గ్రుచ్చెను. దానికి 10 థర్మామీటర్లు. పైమన్ను 50 డిగ్రీలకు మించి కాగుచుండగా, 8 సెంటీమీటర్ల లోతున సున్నకు 10 డిగ్రీలు తక్కువగా నుండెను. జానెడైనను లేని మట్టిలో అంత భేదము! ఎండకు కాలు మోపలేని ఇసుకను త్రవ్వి నీళ్ళకుండను పాతుకొనువారికి ఆ పటములోని మర్మము చిటికెలో తెలియును. చంద్రుని మన్ను వేడిని లోనికి పోనీయని మెత్తని దుప్పటి. నౌకతో పోయిన ప్రజ్ఞాన్ అను బండి మట్టిపై లేజరు కాంతిని ప్రయోగించి, లేచిన ఆవిరి వెలుగును గీతలుగా విడదీసి, గంధకమున్నదని చెప్పినది. గుంటూరులో 1868లో సూర్యుని వెలుగును చదివిన విద్యయే, 155 ఏండ్లకు చంద్రుని మన్నును చదివినది.

కన్నులేని సాధనము కూడ చూడగలదనుటకు శనిగ్రహము కడ ఒక సాక్ష్యమున్నది. 2004 మొదలు 2017 వరకు కసీని అను నౌక శనిని చుట్టెను. దానిపైనున్న అయస్కాంతమాపకమునకు పెద్ద మిషెల్ డౌహెర్టీ అను స్త్రీ. 2005లో ఎన్సెలడస్ అను శనిచంద్రుని దాటునపుడు శనియొక్క అయస్కాంతశక్తి ఆ చిన్నబంతి యెదుట వంగినట్లు ఆమె గమనించెను. గాలి లేని రాతిబంతి యైన అట్లు వంగరాదు. ఆమె పట్టుబట్టగా తరువాత నౌకను మరింత దాపుగా, 173 కిలోమీటర్ల యెత్తున నడపిరి. అచ్చట మంచునేల పగుళ్ళనుండి నీటియావిరి చిమ్ముచుండెను! అంధగజన్యాయమున గ్రుడ్డివారు ఏనుగును తలకొక విధముగా చెప్పి తగవులాడిరి. ఇచట ఒక సాధనము తడవినదానిని మరియొక సాధనము తడవి, తగవులాడక, ఒకరి మాట ఒకరు విని ఏనుగును పోల్చుకొన్నవి. అట్లే 1979 మార్చిలో వోయేజర్-1 పంపిన చిత్రమున నక్షత్రముల స్థానమును వెదకుచున్న లిండా మొరబీటో అను యువతి, గురుని చంద్రుడైన అయో అంచున పొగవంటిదానిని చూచి విడువక పరిశీలింపగా, అది మండుచున్న అగ్నిపర్వతమని తేలెను. మన దేశమున చంద్రయాన్-2 నకు అధ్యక్షురాలు ముత్తయ్య వనిత. చంద్రయాన్-3 పనిలో రెండవ స్థానమున నిలిచినవారు కల్పన. మంగళయాన్ సాధనముల కూర్పులో పనిచేసినవారు మీనల్ సంపత్.

ఈ పేర్లు చెప్పినపుడు మా యింట జరిగిన యొక సంగతి చెప్పక తప్పదు. మా ఆడబిడ్డ కుమార్తె విజయనగరమున బి.ఎస్సీ. ముగించినది. మంచి సంబంధము వచ్చినది. ఇరుపక్షములవారు ఒప్పుకొనిరి. అంతలో శుక్రమూఢమి వచ్చుటచే ముహూర్తము వెనుకకు బోయినది. ఆ విరామమున పిల్ల విశాఖలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రమున చేరుటకు పరీక్ష వ్రాసి సీటు తెచ్చుకొన్నది. పెండ్లివారు రెండేండ్లు ఆగమనిరి. ఇంటిలో పెద్దలు కూడి, "చదువు ఎక్కడికి పోవును? సంబంధము పోయిన మరల వచ్చునా?" అనిరి. ఆడబిడ్డ మమ్ము పిలిపించినది.

మేము మూఢమిని తప్పుపట్టలేదు. శుక్రుడు సూర్యునికి దాపై మన కంటికి కానరాని దినములను మూఢమి యందురు. అది కంటితో కనిపెట్టిన సంగతి, పెద్దలు పాటించు ఆచారము. మేమడిగినది ఒక్కటే. "పిల్ల గుణము మంచిదని, తెలివి గలదని మీరందరు అనుచున్నారు. ఆ తెలివి ఎంతో కొలిచి చూచు అవకాశము ఇప్పుడే వచ్చినది. కొలువకుండ మూత పెట్టుదుమా?" మా ఆడబిడ్డ చాలసేపు మాటాడలేదు. తుదకు, "అదినా, రేపు ఆ సంబంధము పోయినదని నన్ననిన నీవు నిలబడెదవా?" అని అడిగినది. నిలబడుదుమని మాట యిచ్చితిమి. సంబంధము పోయినమాట నిజమే. బంధువులలో కొందరు శుభకార్యములలో మమ్ము చూచి ముఖము త్రిప్పుకొనుచున్నమాటయు నిజమే. మేనకోడలు చదువుచున్నది. ఆమె వివాహము ఎప్పుడగునో మేము చెప్పజాలము. ఆ ఋణము మాపై నున్నది.

మాకు పాలుపోయు ముసలమ్మకు ఈ శుక్రుని కథనంతయు ఒకనాడు చెప్పితిమి. ఆమె చెంబు దించి విని, "ఏటమ్మగోరూ, అయితే ఆ సుక్క కాడికెల్లి జొరం సూసొచ్చినారేటి?" అన్నది. అంతకంటె చక్కగా ఏ పండితుడు చెప్పగలడు? జ్వరము చూచివచ్చిరి, అదియే జరిగినది. మరునాడు ఆమె మరియొక ప్రశ్న వేసినది: "మరి మందేటి?" శుక్రునికి మందు లేదు. మన భూమికి జ్వరము రాకుండ కాచుకొనుట మన చేతిలో నున్నదని చెప్పితిమి.

2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము శుక్రునికి మన నౌకను పంపుటకు అనుమతించినది. 2028లో బయలుదేరవలెనని సంకల్పము. అందును రాడారు, వేడిని కొలుచునవి, వెలుగును విడదీయునవి పోవును. ఆ నౌక బయలుదేరునాటికి మన యిండ్లలోని ఆడపిల్లలు ఏ తరగతిలో నుందురో తల్లులు లెక్క చూచుకొనవలెను. పిల్లలకు సందెవేళ శుక్రుని చూపుడు. అది ఎన్ని దినములు పడమట నున్నదో, ఎన్నడు కానరాకపోయినదో, ఎన్నడు తూర్పున పొడిచినదో గోడ కాలెండరుపై గుర్తు పెట్టింపుడు. పుస్తకములోని వాక్యమును వల్లించినపుడు "అది యెట్లు తెలిసినది?" అని అడుగుడు. ఉత్తరము రాకున్న కోపగింపక, మీరును వారితో కలిసి వెదకుడు. దీనికి డబ్బు పనిలేదు.

మొన్న దీపావళికి మేనకోడలు ఫోనున మాటాడినది. ప్రయోగశాలలో సూర్యుని వెలుగును సన్నని చీలికనుండి లోనికి పంపి, రంగులుగా విడదీసి చూచెనట. "అత్తా, రంగుల నడుమ నల్లని గీతలున్నవి. పసుపుతావున రెండు గీతలు ప్రక్కప్రక్కనే యున్నవి. అవి సోడియమువి. గుంటూరులో చూచిన గీత వాటికి కొంచెమెడముగా నుండవలెను గాని ఇట్లు చూచిన కానరాదట, నేనును వెదకితిని, కానరాలేదు" అన్నది. ఉన్నదానిని ఉన్నదనియు, తనకు కానరానిదానిని కానరాలేదనియు చెప్పనేర్చిన పిల్లకు మేమిక వేరుగా నేర్పవలసినది లేదు.